జాన్స్ ఆఫ్ ట్వెల్త్ స్ట్రీట్: ఎర్ర సాస్ ఇంట్లో వీగన్ భోజనం

న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో, సెకండ్ ఎవెన్యూ దాటి పన్నెండో వీధిలో తూర్పుకు నాలుగడుగులు వేస్తే 302 నంబరు తలుపు వస్తుంది. అదే జాన్స్ ఆఫ్ ట్వెల్త్ స్ట్రీట్. 1908లో పెట్టిన ఇటాలియన్ రెస్టారెంట్ ఇది. కింద మొజాయిక్ పలకల నేల, గోడల మీద ఇటలీ దృశ్యాల బొమ్మలు, బల్లల మీద కొవ్వొత్తులు. టమాటా సాస్ వంటకాలే ప్రధానంగా ఉండే, అమెరికాలో 'రెడ్ సాస్' హోటల్ అని పిలిచే రకానికి ఇది అచ్చమైన నమూనా. వీగన్లు, అంటే మాంసంతో పాటు పాలు, గుడ్డు కూడా ముట్టనివాళ్లు, దీన్ని వెతుక్కుంటూ రావడానికి వేరే కారణం ఉంది. ఇక్కడ మామూలు మెనూతో పాటు వీగన్ మెనూ కూడా ఇస్తారు. ఒక సలాడ్, చీజ్ తీసేసిన ఒక స్పగెటీ పెట్టి చేతులు దులుపుకోవడం కాదు. మాంసం బదులు వాడే గోధుమ గ్లూటెన్, అంటే సెయిటాన్ వంటకాలున్నాయి, చివర్లో తినే తీపి కూడా ఉంది. వందేళ్లు దాటిన ఇటాలియన్ ఇంట్లో ఈ ఏర్పాటు అరుదు. ఈ ఒక్క మాటకే జాన్స్‌కు వెళ్లమని గట్టిగా చెప్పవచ్చు.

వెళ్లేముందు ఒకటి తెలుసుకుంటే భోజనం రెండింతలు బాగుంటుంది. పాత ఇటాలియన్ హోటల్లో వీగన్ వంటకాలు రెండు జాతులు. పుట్టుకతోనే పాలు, గుడ్డు, మాంసం లేనివి ఒకటి. మరొకటి, వాటి స్థానంలో వేరేది పెట్టి తయారుచేసినవి. మొదటి రకం ఏ మంచి ఇటాలియన్ వంటింట్లోనైనా దొరుకుతుంది, అడగడం తెలిస్తే చాలు. రెండో రకం మాత్రం దాని మీద శ్రద్ధ పెట్టిన వంటింట్లోనే బాగుంటుంది. కాబట్టి జాన్స్ లాంటి చోటికి వెళ్లినప్పుడు ప్రధాన వంటకం రెండో రకం నుంచి, మిగతావి మొదటి రకం నుంచి తెప్పించుకోవడం తెలివైన పని. ఇంట్లో పావుగంటలో చేసుకోగలిగే పాస్తా కోసం ఇంత దూరం రానక్కర్లేదు. రొట్టెపొడి అద్ది వేయించి, పైన టమాటా సాస్, చీజ్ వేసే వంటకం పార్మిజానా. సెయిటాన్ పార్మిజానాను సరిగ్గా వేయించి, సాస్ పోసి, పొయ్యిలోంచి వేడివేడిగా తెచ్చిపెట్టే చోట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎర్ర సాస్ వంట అసలు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఈ రెండు జాతుల సంగతి ఇంకా తేటగా అర్థమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాకు వచ్చిన ఇటాలియన్లలో ఎక్కువమంది దక్షిణాది వాళ్లు: నేపుల్స్ చుట్టుపక్కల వాళ్లు, కలాబ్రియా, సిసిలీ వాళ్లు. సొంత ఊళ్లలో వాళ్ల తిండి పేదవాళ్ల తిండి. ఎండు పాస్తా, బీన్స్, ఆకుకూరలు, టమాటా, వంకాయ, ఆలివ్ నూనె. మాంసం పండగకే. అమెరికాలో మాంసం, చీజ్ చవగ్గా దొరికేసరికి అవే పళ్లేల మీద గుట్టలుగా చేరాయి. వంకాయతో చేసే పార్మిజానా చికెన్‌తో, దూడమాంసంతో చేయడం, స్పగెటీ మీద మాంసపు ఉండలు పెట్టడం ఇక్కడి అలవాట్లే. పైన చేరిన ఆ పొరను తీసేస్తే అడుగున ఉన్న వంటలో సగం వీగనే. జాన్స్‌లో వీగన్ మెనూ పరాయిగా అనిపించకపోవడానికి కారణం అదే.

అన్నిటికంటే ముందు రుచి చూడాల్సింది మరినారా సాస్‌ను. టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, తులసి జాతికి చెందిన బేసిల్ లేదా ఒరెగానో, ఉప్పు: ఇవే దాని దినుసులు. అమెరికాలో ఇళ్లకు కొనే సామాన్యమైన టిన్ను 28 ఔన్సులది, అంటే 794 గ్రాములు. అలాంటి ఒక టిన్ను టమాటాలకు నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, పావు కప్పు నూనె సరిపోతాయి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉడికితే చాలు. నూనె నారింజ రంగుకు తిరిగి అంచుల వెంట తేలడం మొదలైందంటే సాస్ అయినట్టే. ఇంకా ఉడికిస్తే టమాటా తాజాదనం పోయి జామ్ వాసన వస్తుంది. రొట్టె ముక్కను సాస్‌లో ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఆ వంటిల్లు ఎలాంటిదో తెలిసిపోతుంది. ఇనుము నాకినట్టు పచ్చి పులుపు తగిలితే తొందరపడి దించేశారని అర్థం. ముదురు రంగులో, చిక్కగా, తియ్యగా ఉంటే టమాటా పేస్టు, పంచదార పోసి పని కానిచ్చారు. టమాటా ముక్కలు ఎంతకీ మెదగకుండా గట్టిగా పలుకుల్లా నిలబడితే అది ముక్కలు కోసి టిన్నులో పెట్టిన సరుకు. ఆ ముక్కలు ఆకారం చెడకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, దాంతో అవి పొయ్యి మీద కూడా కరగవు. మంచి వంటింట్లో పొట్టు తీసిన నిండు టమాటాలు కొని చేత్తో చిదుముతారు.

ఇక్కడ మాటల తేడా ఒకటి గుర్తుంచుకోవాలి. రెడ్ సాస్ హోటళ్లలో 'మరినారా' అంటే సామాన్యంగా మాంసం లేనిది. 'టొమాటో సాస్', 'సండే సాస్', 'గ్రేవీ' అన్నప్పుడు నమ్మడానికి లేదు. వాటిలో పంది ఎముకలు, సాసేజ్, మాంసపు ఉండలు గంటల తరబడి ఉడికి ఉండవచ్చు. ముక్కలు తీసేసి వడ్డించినంత మాత్రాన సాస్‌లోకి దిగిన కొవ్వు ఎక్కడికీ పోదు. చాలాచోట్ల సర్వర్‌కు కూడా ఈ తేడా తెలియదు. అందుకే 'ఇందులో మాంసం ఉందా?' అని అడక్కూడదు. 'ఈ సాస్ మాంసం వేసి ఉడికించిన గిన్నెలోదా, వేరే గిన్నెలోదా?' అని అడగాలి. మొదటి ప్రశ్నకు మొహమాటంగా 'లేదండీ' అనేస్తారు. రెండోదానికి వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వస్తారు. జాన్స్‌లో వీగన్ మెనూ వేరే ఉంది కాబట్టి ఈ తంటా చాలావరకు తప్పుతుంది. కానీ అక్కడ కూడా మామూలు మెనూలోంచి ఏదైనా అడిగితే ఈ ప్రశ్నలన్నీ మళ్లీ వేయాల్సిందే.

ఇక అసలు విషయం, సెయిటాన్ పార్మిజానా. సెయిటాన్ అంటే గోధుమపిండిలోంచి గంజి అంతా కడిగేస్తే మిగిలే గ్లూటెన్ ముద్ద. ఇప్పుడు చాలామంది పొడిగా అమ్మే గ్లూటెన్‌తోనే చేస్తారు. ఆ పొడి నూరు గ్రాముల్లో డెబ్బై ఐదు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. దాన్ని నీళ్లు, సోయాసాస్, వెల్లుల్లి, మసాలాలతో కలిపి ముద్ద చేసి సన్నని సెగ మీద ఉడికిస్తారు. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. నీళ్లు తెర్లితే ముద్ద లోపల గాలి బుడగలు ఉబ్బి, తింటే స్పాంజి నమిలినట్టుంటుంది. మరీ ఎక్కువ పిసికితే రబ్బరులా సాగుతుంది. చక్కగా ఉడికిన సెయిటాన్‌ను కోస్తే అడ్డంగా పీచుపీచుగా, తడిగా విడివడాలి. కత్తి పెడితే ఎదురుతన్నకూడదు. పార్మిజానాకు దాన్ని వేలి మందం కంటే పల్చగా కోయాలి. మందంగా కోస్తే పైన మాడుతుంది, లోపల చల్లగా ఉండిపోతుంది.

పైపూత గుడ్డు లేకుండా అంటుకోవాలి. మైదా, నీళ్లు కలిపిన జారుముద్ద కానీ, శనగపిండి ముద్ద కానీ వాడతారు. దాని మీద రొట్టెపొడి. ఆ రొట్టెపొడి విషయంలో కూడా జాగ్రత్త. ఇటాలియన్ వంటిళ్లలో వాడే పొడిలో చాలాసార్లు ముందే పెకొరీనో చీజ్ కలిపి ఉంచుతారు. అసలైన వీగన్ వంటిల్లు పొడిని వేరే డబ్బాలో పెట్టుకుంటుంది. 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడి నూనెలో రెండు మూడు నిమిషాల్లో బంగారు రంగు రావాలి. నూనె చల్లగా ఉంటే పూత నూనె పీల్చి బరువెక్కుతుంది. ముక్క తుంచినప్పుడు పూత ఒలిచిన తొక్కలా ఊడి వచ్చిందంటే సెయిటాన్ తడి తుడవకుండా ముంచారని గుర్తు.

తర్వాతి గండం సాస్. కరకరలాడే ముక్క నిండా సాస్ ముంచేస్తే ఐదు నిమిషాల్లో మెత్తబడి గుజ్జవుతుంది. పనితనం తెలిసినవాళ్లు పళ్లెం అడుగున కొంచెం, ముక్క నడిమధ్యన ఒక గరిటెడు మాత్రమే పోస్తారు. అంచులు పొడిగా వదిలేస్తారు. పళ్లెం బల్ల మీదికి వచ్చినప్పుడు మొదట అంచు విరిచి తినండి. అది కరకరలాడితే వంటిల్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేసినట్టే.

వీగన్ చీజ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పెదవి విరిచేది ఇక్కడే. పాల చీజ్ సాగడానికి కారణం కేసీన్ అనే ప్రొటీన్. వేడికి అది వల అల్లుకుని తీగలుగా లేస్తుంది. కొబ్బరినూనె, పిండిపదార్థాలతో చేసే వీగన్ చీజ్‌లో కేసీన్ ఉండదు కాబట్టి అది తీగలా సాగదు, జిగురుగా కరుగుతుంది. పైగా పొడి సెగ దానికి పడదు. పై నుంచి మంట వేసే గ్రిల్ కింద పెడితే పైన తోలులాంటి పొర కట్టి, లోపల తురుము తురుములాగే ఉంటుంది. ఆవిరి తగిలితేనే కరుగుతుంది. అందుకే మంచి వంటవాళ్లు చీజ్ చల్లాక పళ్లేన్ని ఒకటి రెండు నిమిషాలు మూతపెట్టి ఉంచుతారు, లేదా చీజ్‌ను నేరుగా వేడి సాస్ మీదే వేస్తారు. ఇంకొక ముఖ్యమైన విషయం. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అందుకే పళ్లెం వచ్చిన వెంటనే తినాలి. ఫొటోలు తీస్తూ పది నిమిషాలు గడిపేస్తే చీజ్ మైనంలా అంగిలికి అంటుకుంటుంది, తప్పు వంటవాడిది అనిపిస్తుంది. ఈ చీజ్‌ను పాల చీజ్‌తో పోల్చి మార్కులు వేయడం అన్యాయం. ఉప్పదనం, కొవ్వుదనం ఇచ్చి సాస్ పులుపును తగ్గించడమే దాని పని. ఆ పని చేస్తే చాలు.

ప్రధాన వంటకం ఇలా తేలింది. మిగతా బల్లను పుట్టు వీగన్ వంటకాలతో నింపుకోవచ్చు. వాటిలో ఎక్కడెక్కడ గుట్టుగా పాలు, మాంసం దూరతాయో తెలిసుండాలి. ఇది ఏ పాత ఇటాలియన్ హోటల్‌కైనా వర్తిస్తుంది.

ఎండు పాస్తా దాదాపు ఎప్పుడూ వీగనే. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లతో చేయాలని చట్టం చెబుతుంది. స్పగెటీ, లింగ్వీనీ, పెన్నే, రిగటోని, జీటీ ఈ కోవలోవే. తాజా పాస్తాలో సామాన్యంగా గుడ్డు ఉంటుంది: ఫెట్టుచీనీ, టాలియాటెల్లె, లసాన్యా రేకులు, రవియోలీ. న్యోకీలో సామాన్యంగా బంగాళదుంపతో పాటు గుడ్డు వేస్తారు. కావటెల్లీ అనే పాస్తాలో రికోటా చీజ్ కలిపే వంటిళ్లున్నాయి. నియమం మరీ కఠినంగా పాటించేవాళ్లు పాస్తా ఉడికించే నీళ్ల గురించి కూడా అడగాలి. చీజ్ రవియోలీలు చిట్లిన నీళ్లలోనే మీ స్పగెటీ కూడా ఉడుకుతుంది. వేయించే నూనెదీ అదే కథ, స్క్విడ్, మొజరెల్లా ముక్కలు వేగిన మూకుడులోనే మీ ముక్క కూడా వేగవచ్చు.

'ఆలియో ఎ ఓలియో' పేరుకు వెల్లుల్లి, నూనె మాత్రమే. నూరు గ్రాముల పాస్తాకు రెండు మూడు రెబ్బలు పల్చగా తరిగి, చల్లని నూనెలోనే వేసి సన్న సెగ మీద లేత పసుపు రంగు దాకా తీసుకొస్తారు. గోధుమ రంగు దాటిందా, వంటకమంతా చేదెక్కుతుంది. తర్వాత గరిటెడు పాస్తా నీళ్లు పోసి గట్టిగా కలియబెడితే ఆ నీళ్లలోని గంజి నూనెను పట్టుకుని తెల్లని పల్చటి సాస్ అవుతుంది. ఆ కలియబెట్టే ఓపిక లేని వంటిళ్లు దొంగదారి పడతాయి: ఒక ముద్ద వెన్నో, చికెన్ ఎముకలు ఉడికించిన రసం, అంటే కాస్త చికెన్ స్టాకో వేస్తాయి. మెనూలో అది రాయరు. కాబట్టి ఈ వంటకానికి 'వెన్న వేస్తారా, స్టాక్ పోస్తారా?' అని రెండూ విడివిడిగా అడగాలి. తెచ్చిన పళ్లెంలో అడుగున నూనె విడిపోయి మడుగు కట్టి ఉంటే కలపడం తెలియని చేయి. పాస్తాకు సాస్ అంటుకుని మెరుస్తుంటే తెలిసిన చేయి.

అర్రబ్యాటా మంచి ఎంపిక. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప, అంతే. పైన పెకొరీనో చల్లవద్దని చెబితే చాలు. పుత్తనెస్కాలో సామాన్యంగా ఆంచోవీ చేపలు కరిగిపోయి ఉంటాయి, కంటికి కనబడవు. నోర్మా అనే వంకాయ పాస్తా పైన రికోటా సలాటా తురుము తప్ప మిగతాదంతా వీగన్. వోడ్కా సాస్‌లో మీగడ, పెస్టోలో చీజ్ ముందే కలిసిపోయి ఉంటాయి, తీసేయమని అడిగినా లాభం లేదు.

సూప్‌ల దగ్గర అసలు మోసపోతారు. మినెస్ట్రోనే అంటే కూరగాయలే కదా అనుకుంటాం. పార్మిజానో చీజ్ గట్టి తొక్కును గిన్నెలో వేసి ఉడికించడం పాత ఇటాలియన్ అలవాటు, రుచి దాంతోనే వస్తుంది. పాస్తా-బీన్స్ సూప్‌లో హ్యామ్ ఎముకో, పాంచెట్టా అనే పందిమాంసమో మొదలు. ఎస్కరోల్ ఆకుకూర, తెల్ల బీన్స్ కలిపి చేసే వంటకం ఎంత హాయిగా ఉంటుందో, దాన్ని చికెన్ స్టాక్‌తో వండే చోట్లూ అంతే ఉన్నాయి. వీగన్ మెనూలో ఈ సూప్‌ల పేర్లు కనబడితే కళ్లు మూసుకుని తెప్పించుకోండి. మామూలు మెనూలో అయితే ఒకటికి రెండుసార్లు అడగండి. పాలు తాగే శాకాహారులకు కూడా ఒక మాట: అసలైన పార్మిజానో రెజ్జానోను నిబంధనల ప్రకారం దూడ పొట్టలోంచి తీసిన, పాలు విరిచే రెన్నెట్‌తోనే తోడేస్తారు. 'మేము శాకాహారులం, చీజ్ పరవాలేదు' అని చెప్పేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

ఆకుకూరల్లో బ్రకోలీ రాబ్ తెప్పించుకోవాల్సిందే. చిరుచేదుగా ఉంటుంది. ముందు ఉప్పునీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి తీసి, తర్వాత వెల్లుల్లి నూనెలో తిప్పితే ఆ చేదు నోటికి హితవుగా మారుతుంది. నేరుగా పెనం మీద వేస్తే కాడలు పీచుగా, ఆకులు నల్లగా మిగులుతాయి. నిండుగా సాస్, చీజ్ ఉన్న పార్మిజానా పక్కన ఈ చేదు ఉంటేనే పళ్లెం ఖాళీ అవుతుంది, లేకపోతే సగంలోనే మొహం మొత్తుతుంది. బంగాళదుంపలు, ఇంకో పాస్తా కాకుండా ఇదే పక్కవంటకంగా తీసుకోమని మా సలహా.

రొట్టె మామూలుగా వీగనే: పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. గార్లిక్ బ్రెడ్ అంటే మాత్రం వెన్న రాసినట్టే లెక్క, వీగన్ మెనూలో ఉంటే తప్ప. సీజర్ సలాడ్‌లో గుడ్డు, ఆంచోవీ, చీజ్ మూడూ ఉంటాయి. కాల్చిన క్యాప్సికమ్, కాపొనాటా అనే వంకాయ కూర నిశ్చింతగా తినవచ్చు, పైన ఆంచోవీ పెట్టవద్దని చెబితే చాలు.

తీపి దగ్గర జాన్స్ లాంటి చోటు విలువ మళ్లీ తెలిసొస్తుంది. పాత ఇటాలియన్ తీపి పదార్థాల్లో పాలు, గుడ్డు లేనిది దొరకడం కష్టం. తిరమిసులో మస్కర్‌పోనే చీజ్ సరే, కాఫీలో ముంచే ఆ బిస్కెట్లలో కూడా గుడ్డు ఉంటుంది. కనోలీ గొట్టాల పిండిలో పాతకాలం వాళ్లు పందికొవ్వు వేసేవాళ్లు, వాటి అంచులు అతికించడానికి గుడ్డు తెల్లసొన పూసేవాళ్లు. వీగన్‌గా చేయాలంటే పిండి నుంచి మార్చుకు రావాలి, పైపైన మీగడ మార్చితే కుదరదు. లోపలి ముద్దను టోఫూతోనో, నానబెట్టి రుబ్బిన జీడిపప్పుతోనో చేస్తారు. జీడిపప్పు బాగా నానకపోతే నాలుక మీద ఇసుకలా తగులుతుంది. కనోలీ తెప్పించేముందు 'ఇప్పుడే నింపుతారా?' అని అడగండి. ముందే నింపి ఫ్రిజ్‌లో పెట్టినది అరగంటలో తడి పీల్చి మెత్తబడుతుంది. కొరికితే పెళుక్కుమని విరగాలి, అదే పరీక్ష.

వైన్ సంగతి రెండు ముక్కల్లో. ద్రాక్ష పులియబెట్టిందే అయినా, దాన్ని తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, కేసీన్, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం, జెలటిన్ వాడే అలవాటుంది. పట్టింపు ఉన్నవాళ్లు వీగన్ అని రాసిన సీసా కానీ, తేటపరచకుండా, వడకట్టకుండా సీసాకెత్తిన వైన్ కానీ అడగాలి. కంపారీ అనే ఇటాలియన్ మద్యం ఎర్రరంగు ఒకప్పుడు కోచినీల్ అనే పురుగు నుంచి వచ్చేది. 2006లో ఆ రంగు మానేశారు కాబట్టి ఇప్పుడు దానికి అభ్యంతరం లేదు.

గ్లూటెన్ పడనివాళ్లు సెయిటాన్ జోలికి పోకూడదు, అది మొత్తం గ్లూటెనే. గింజలు, సోయా పడనివాళ్లు చీజ్, తీపి దేనితో చేశారో అడిగే తినాలి. వీగన్ అన్న మాట ఎలర్జీకి హామీ కాదు.

ఇక చోటు గురించి. వెనుక గదిలో ఉన్న మైనపు గుట్ట చూడకుండా రావద్దు. వెలిగించిన కొవ్వొత్తుల మైనం కారి, దాని మీద ఇంకో కొవ్వొత్తి పెట్టి, అదీ కారి, ఇలా దశాబ్దాల తరబడి పేరుకుని గుట్టగా తయారైంది. దగ్గరికి వెళ్లి చూస్తే పైన తాజాగా కారిన చుక్కలు నున్నగా మెరుస్తుంటాయి. కిందికి పోయేకొద్దీ మడతలు మడతలుగా, ఊడలు దిగినట్టు వేలాడుతుంది. దాని పక్కన కూర్చోవాలనుకుంటే బల్ల చెప్పుకునేటప్పుడే 'వెనుక గదిలో' అని చెప్పాలి. మద్యనిషేధం అమల్లో ఉన్న 1920-33 మధ్య ఇక్కడ చాటుగా మద్యం పోసిన చరిత్ర కూడా ఉంది. ఈ వీధి కూడా సామాన్యమైంది కాదు. 1922 ఆగస్టు 11న ఉంబెర్టో వాలెంటి అనే ముఠా నాయకుణ్ణి ఇదే వీధిలో, సెకండ్ ఎవెన్యూ దగ్గర కాల్చి చంపారు. అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా ఇటాలియన్ల ఇళ్లు, దుకాణాలు. పదకొండో వీధిలో 1894 నాటి వెనియేరోస్ మిఠాయి దుకాణం ఇంకా ఉంది. ఫస్ట్ ఎవెన్యూలో 1904లో మొదలైన డి రాబర్టిస్ 2014లో మూతపడింది. మిగిలినవి ఇన్నే కాబట్టే జాన్స్ నిలబడి ఉండటం గొప్ప విషయం.

నేల పలకలది, గదులు చిన్నవి. అలాంటి చోట మాటలు గోడలకు తగిలి మళ్లీ చెవుల్లో పడతాయి. నెమ్మదిగా మాట్లాడుకుంటూ తినాలంటే సాయంత్రం తొలి వేళకే బల్ల చెప్పుకోండి. వారాంతంలో రాత్రి ఎనిమిదికి వెళ్లి ప్రశాంతత కావాలంటే దొరకదు. పెద్దవాళ్లను తీసుకెళ్తున్నా, చక్రాల కుర్చీ ఉన్నా తలుపు దగ్గర మెట్లు, బాత్రూమ్ ఎక్కడ ఉందో ఫోన్‌లోనే అడగండి. పాత భవనాల్లో ఇవి ఇరుకు. కార్డు తీసుకుంటారా, నగదేనా అన్నది కూడా అదే ఫోన్‌లో కనుక్కోండి, న్యూయార్క్ పాత హోటళ్లలో నగదు అలవాటు ఎక్కువ.

చేరడానికి సబ్‌వేలో ఎల్ రైలు మీద ఫస్ట్ ఎవెన్యూ స్టేషన్ అన్నిటికంటే దగ్గర. పద్నాలుగో వీధిలో దిగి రెండు వీధులు కిందికి, సెకండ్ ఎవెన్యూ వైపు నడవాలి. ఆరో నంబరు రైల్లో ఆస్టర్ ప్లేస్‌లో దిగినా పది నిమిషాల నడక.

బిల్లు లెక్క ముందే వేసుకుంటే చివర్లో తడబాటు ఉండదు. న్యూయార్క్ నగరంలో అమ్మకం పన్ను 8.875 శాతం. సర్వర్‌కు ఇచ్చే టిప్ పన్ను కలపకముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం. బిల్లు మీద పన్నును రెండింతలు చేస్తే 17.75 శాతం వస్తుంది, దానికి ఒకటి రెండు డాలర్లు కలపడం సులువు పద్ధతి. మెనూలో నూరు డాలర్లకు తింటే పన్ను, 20 శాతం టిప్ కలిపి దాదాపు 129 డాలర్లు అవుతుంది. గుంపుగా వెళ్లినప్పుడు టిప్ ముందే కలిపారేమో బిల్లు చూసి మరీ ఇవ్వండి.

ఎర్ర సాస్ హోటళ్లలో వడ్డన పెద్దది. ఇద్దరికి ఒక పార్మిజానా, ఒక పాస్తా, ఒక బ్రకోలీ రాబ్ తెప్పించుకుని మధ్యలో పెట్టుకుంటే కనోలీకి కూడా చోటు మిగులుతుంది. తలా ఒక పార్మిజానా అంటే డబ్బాలో కట్టించుకోవాల్సిందే. అలా తెచ్చుకున్నది మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకండి, పూత తడిబట్టలా అయిపోతుంది. పక్కనున్న పాస్తా వేరుచేసి, ముక్కను బేకింగ్ పళ్లెంలో పెట్టి, పక్కన ఒక చెంచాడు నీళ్లు చల్లి, పైన రేకు వదులుగా కప్పి 175 డిగ్రీల ఓవెన్‌లో పదిహేను నిమిషాలు ఉంచండి. ఆ నీటి ఆవిరికి వీగన్ చీజ్ మళ్లీ కరుగుతుంది. చివరి మూడు నిమిషాలు రేకు తీసేస్తే అంచులు తిరిగి కరకరలాడతాయి.